మూడు నిమిషాల సిస్టరు

అమ్మమ్మ నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో అందరికీ తెలుసు. ఇవాళ కూరలో ఉప్పు ఎక్కువైందన్న సంగతి మనకంటే ముందు పక్కింటివాళ్లకు తెలుస్తుంది. అలాంటి మనిషి దగ్గర ఒక కాలేజీ పిల్లల రహస్యాలన్నీ ముప్పై ఒక్క ఏళ్లు భద్రంగా ఉన్నాయంటే నమ్మడం కష్టమే. కానీ ఉన్నాయి. ఎవరు ఎవరి కోసం ఏడ్చారో, ఎవరు పరీక్ష ఎగ్గొట్టడానికి థర్మామీటరును టీ గ్లాసులో ముంచారో, ఎవరు రక్తం చూసి పడిపోయి ఆ సంగతి స్నేహితులకు చెప్పొద్దని బతిమాలారో, అన్నీ ఆమె కడుపులోనే ఉన్నాయి. ఇంట్లో ఎంత గిల్లినా ఒక్కటీ బయటకు రాదు. "అది ఆఫీసు సరుకు. ఇంటికి తేకూడదు" అంటుంది.

ఆమె నర్సు. కాలేజీలో లైబ్రరీ మెట్ల కింద ఉన్న ఆరోగ్య గది ఆమెది. పైన ఎవరైనా పరిగెత్తితే కింద తల మీద సున్నం రాలేది. గదిలో రెండు మంచాలు, వాటి మధ్య పచ్చ తెర, తన్నితే గాని తెరుచుకోని మందుల బీరువా, రెండు కిలోలు ఎక్కువ చూపించే బరువు యంత్రం, కిటికీ పక్కన ఒక చెక్క కుర్చీ. యంత్రం తప్పు చూపిస్తుందన్న సంగతి ఆమె అమ్మాయిలకు చెప్పేది, అబ్బాయిలకు చెప్పేది కాదు. ఎందుకని అడిగితే, "వాళ్లకు రెండు కిలోలు ఎక్కువుంటే సంతోషం. ఎందుకు చెడగొట్టాలి?" అనేది.

పిల్లలు ఆమెను మూడు నిమిషాల సిస్టరు అనేవారు. దానికి కారణం థర్మామీటరు. వేలు తెగిందని వచ్చినా, కాలు బెణికిందని వచ్చినా, ఉత్తపుణ్యానికి సెలవు చీటీ కోసం వచ్చినా ముందు కుర్చీ చూపించేది. తర్వాత గాజు థర్మామీటరు విదిలించి నాలుక కింద పెట్టేది. మూడు నిమిషాలు నోరు తెరవకూడదు. చిత్రమేమిటంటే ఆమె కూడా తెరిచేది కాదు. ఇంట్లో మూడు సెకన్లు ఊరుకోలేని మనిషి అక్కడ చేతి గడియారం పట్టుకుని కిటికీలోంచి బయటకు చూస్తూ నిలబడేది. టైమవగానే థర్మామీటరు తీసి, వెలుతురుకెత్తి, "ఊఁ" అనేది. అంతే. ఆ "ఊఁ" వినబడగానే వేలి నొప్పితో వచ్చినవాడు అసలు నొప్పి చెప్పేవాడు.

ఆవులిస్తే పేగులు లెక్కపెడుతుందని కాలేజీలో పేరు. పేగుల సంగతి తర్వాత వస్తుంది.

నెలాఖరుకు ఆమె రిటైరవ్వాలి. నిజానికి ఏడాది కిందటే అవ్వాలి. తన చోటులో వచ్చిన మనిషి నిలదొక్కుకునేదాకా ఉండమని ప్రిన్సిపాలు సారు బతిమాలితే ఉంది. మొదట వచ్చిన నర్సు తొమ్మిది రోజులు ఉంది. రెండో ఆమె నాలుగో రోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కూడా మరిచిపోయి వెళ్లిపోయింది. మూడో ఆమె వస్తోందనగా ప్రిన్సిపాలు సారు కళ్లజోడు తుడుచుకుంటూ అసలు మాట చెప్పాడు. "ఈమె కూడా వెళ్లిపోతే నా చేతిలో ఏం లేదమ్మా. గది మూసేయమంటున్నారు పైవాళ్లు. గోడకో మందుల పెట్టె, పక్కన ఆసుపత్రి ఫోను నంబరు పెట్టేద్దాం. ఆ గది జిరాక్సు మిషనుకు కావాలని లైబ్రరీవాళ్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారు."

ఆసుపత్రికి బస్సులో గంట. వేలు తెగినవాడు గంట ప్రయాణం చేస్తాడేమో గాని, ఎందుకు ఏడుపొస్తోందో తెలియనివాడు బస్సెక్కడు. ఆ సంగతి ప్రిన్సిపాలుకు తెలియకపోయినా అమ్మమ్మకు తెలుసు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కూలబడింది.

"నా తర్వాత జిరాక్సు మిషనట" అంది.

తాతయ్య బస్సు కండక్టరుగా చేసి దిగినవాడు. లోకంలో ఉన్న ప్రతి చిక్కునూ బస్సులోకి ఎక్కించి చూస్తాడు. "నీ స్టాపు వచ్చిందే. దిగకుండా ఫుట్‌బోర్డు మీద వేలాడితే వెనకవాళ్లు ఎలా ఎక్కుతారు?"

"ఎక్కినవాళ్లు ఎక్కినట్టే దూకేస్తుంటే నేనేం చెయ్యను?"

"ఎందుకు దూకుతున్నారో అడిగావా?"

అడగలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి, కుందేలును పోయి కాళ్లెన్నని అడుగుతుందా? కానీ మర్నాడు టిఫిన్ డబ్బా వంకతో రెండో నర్సుకు ఫోను చేసింది. ఆ అమ్మాయి మర్యాదస్తురాలు. ముందు డబ్బా గురించి థాంక్స్ చెప్పి, తర్వాత ఉన్నమాట చెప్పింది. "ఏం చెయ్యాలో మీరు చెప్పలేదు సిస్టర్. అడిగితే, చూస్తూ ఉండు, అదే వస్తుంది అన్నారు. నాలుగు రోజులు చూశాను. మీరు కిటికీలోంచి బయటకు చూస్తున్నారు. నేను మిమ్మల్ని చూస్తున్నాను. ఏమీ రాలేదు."

ఆ దెబ్బతో అమ్మమ్మ పొడుగాటి నోటుబుక్కు ఒకటి కొనుక్కొచ్చింది. తనకు తెలిసిందంతా కొత్తగా వచ్చే నర్సు కోసం రాయాలని కూర్చుంది. ఆమె రాత పిచ్చుక సిరాలో తడిసి కాగితం మీద ఎగిరినట్టుంటుంది కాబట్టి, దాన్ని ఎత్తి రాసే పని మనవరాలి నెత్తిన పడింది. ఆ మనవరాలు ఎవరని అడక్కండి. చదువు సగంలో వదిలేసింది, కాని దస్తూరీ మాత్రం ముత్యాలే. పదిహేను రోజులు భోజనాల బల్ల మీద అమ్మమ్మ చెప్పడం, మనవరాలు రాయడం, తాతయ్య మధ్యలో అడ్డు తగలడం.

మొదటి పేజీలో ఇలా ఉంది: బీరువా కింది మూల తన్నాలి. పైన తంతే అద్దం పగులుతుంది. ఒకసారి పగిలింది.

ఏడో పేజీలో: హాస్టలు వంటవాడు సెలవు పెట్టిన మర్నాడు కడుపులు చెడతాయి. ఓఆర్ఎస్ పొట్లాలు ముందే తీసిపెట్టుకో.

పంతొమ్మిదో పేజీలో: తలనొప్పి అంటే, ఎప్పుడు తిన్నావని అడుగు. తిన్నానంటే, ఏం తిన్నావని అడుగు. తడబడితే తినలేదని అర్థం.

ముప్పై నాలుగో పేజీలో: ఇద్దరు కలిసి వస్తే జబ్బు లేనివాడి ముఖం చూడు.

అరవై ఒకటో పేజీ దగ్గర కొంచెం గొడవైంది. పరీక్షల వారం కడుపునొప్పి అంటే భయమే, కూర్చోబెట్టి గ్లాసుడు నీళ్లిస్తే పది నిమిషాల్లో తగ్గుతుంది అని చెప్పింది అమ్మమ్మ. దాని కింద ఎర్ర గీత గీయమంది.

"అన్నిసార్లూ భయమేనా?" అంది మనవరాలు.

"ముప్పై ఒక్క ఏళ్లు చూశానే. అంతెందుకు, పదో తరగతి పరీక్షలప్పుడు నువ్వెన్నిసార్లు కడుపు పట్టుకున్నావు?"

మనవరాలు కిక్కురుమనకుండా ఎర్ర గీత ఒకటికి రెండు గీసింది.

ఇంత రాసినా మూడు నిమిషాల సంగతి మాత్రం పుస్తకంలో ఎక్కడా లేదు. అదొక పని అని అమ్మమ్మకే తెలియదు. జ్వరం చూడటం అనుకునేది.

కొత్తమ్మాయి సోమవారం ఎనిమిదికి పది నిమిషాల ముందే వచ్చింది. పెద్దాసుపత్రిలో సర్జరీ వార్డులో ఆరేళ్లు చేసింది. నడిస్తే చప్పుడుండదు. చేతులు మాట్లాడుతున్నంతసేపూ ఏదో ఒకటి సర్దుతూనే ఉంటాయి. సంచిలో చిన్న కంప్యూటరు, అందులో కాలేజీ ఆరోగ్య గదుల్లో కొత్తగా చేరే నర్సుల కోసం తయారుచేసిన నలభై రెండు పాఠాలు. ఒక్కో పాఠం చివర పది ప్రశ్నలు. అన్నీ రాకముందే పూర్తిచేసి నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుంది. పోయిన రెండు మార్కుల మీద ఇంకా దిగులుగా ఉంది.

"మీరూ ఒకసారి చూడండి సిస్టర్, చాలా ఉపయోగపడతాయి" అంది.

అమ్మమ్మ చూసింది. తలనొప్పితో వచ్చిన విద్యార్థికి మొదట ఏం చేస్తారని మొదటి ప్రశ్న. కింద నాలుగు జవాబులు. "కుర్చీ చూపిస్తాను. అది లేదేం ఇందులో?" అంది. లేదు. తోచింది నొక్కుకుంటూ పోయింది. పదికి మూడు వచ్చాయి. మళ్లీ ప్రయత్నించండి అని తెర మీద పడింది.

"నువ్వు పుట్టకముందు నుంచి ప్రయత్నిస్తున్నాను తల్లీ" అంది కంప్యూటరుతో.

ఈ మార్కుల సంగతి విని తాతయ్య మూడు రోజులు నవ్వాడు. మనవరాలికైతే ఇంట్లో ఇన్నాళ్లకు ఒక తోడు దొరికింది.

బుధవారం ఒక మొదటి సంవత్సరం కుర్రాడు వచ్చాడు. ఈ ముక్క అమ్మమ్మ చెప్పలేదు, చెబితే ఇంకేముంది. తర్వాత చాన్నాళ్లకు కొత్తమ్మాయి చెప్పింది, అదీ ఎవరో ఏమిటో చెప్పకుండా. కాగితం అంచు తగిలి వాడి చూపుడు వేలు తెగింది. కొత్తమ్మాయి కడిగింది, పట్టీ వేసింది, రిజిస్టరులో రాసింది. "ఇంకేమైనా ఉందా?" అంది. "లేదు మేడం" అన్నాడు. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. వాడు గుమ్మం దాకా వెళ్లి, అక్కడ గోడకున్న కంటి పరీక్ష అట్టను పైనుంచి కింది దాకా చదవడం మొదలుపెట్టాడు.

"ఇటు రా నాన్నా, ఒళ్లు వెచ్చబడినట్టుంది" అంది అమ్మమ్మ. వాడి ఒంటి మీద చెయ్యి కూడా వెయ్యలేదు, వెచ్చబడిందో లేదో ఎలా తెలుస్తుంది? కుర్చీ చూపించి థర్మామీటరు నోట్లో పెట్టింది. పైన లైబ్రరీలో ఎవరో బల్ల జరిపారు. కాస్త సున్నం రాలింది. కొత్తమ్మాయి దూది డబ్బా సర్దింది, సర్దినదాన్నే మళ్లీ సర్దింది. మూడు నిమిషాలైంది.

"ఊఁ" అంది అమ్మమ్మ.

"నిద్రపట్టి ఐదు రోజులైంది సిస్టర్" అన్నాడు వాడు. ఆ తర్వాత ఆగలేదు. హాస్టలు గదిలో మిగతా ముగ్గురూ వాడితో మాట్లాడటం మానేశారు. ఎందుకో వాడికి తెలియదు. ఇంటికి ఫోను చేస్తే ఏడ్చేస్తానేమోనని ఫోను చేయడం కూడా మానేశాడు. అమ్మమ్మ మందేమీ ఇవ్వలేదు. రెండు ఉప్పు బిస్కెట్లు చేతిలో పెట్టి, బల్ల మీది ఫోను వాడి వైపు తిప్పింది. "మాట్లాడు. ఏడుపొస్తే ఏడువు. అమ్మలున్నది దానికే" అని కొత్తమ్మాయిని తీసుకుని వరండాలోకి వచ్చేసింది.

"మీకెలా తెలిసింది సిస్టర్?" అంది కొత్తమ్మాయి.

"నాకేం తెలుసమ్మా. జ్వరం చూశాను."

"ఎంతుంది?"

"చూడలేదు."

కొత్తమ్మాయి నెమ్మదిగా, "పాదరసం థర్మామీటరు వాడకూడదు సిస్టర్. పగిలితే ప్రమాదం. పదిహేడో పాఠంలో ఉంది. డిజిటలుది పది సెకన్లలో చెప్పేస్తుంది" అంది.

"పది సెకన్లలో ఏం చెబుతుంది?"

"టెంపరేచరు."

"అదొక్కటేగా చెప్పేది."

కొత్తమ్మాయి వరండా గోడకు ఆనుకుంది. "కోపం తెచ్చుకోకండి సిస్టర్. వార్డులో రోగి పడుకుని ఉంటాడు. ఎక్కడ కోశారో కళ్లకు కనిపిస్తుంది. కేసు షీటులో నిజం రాసి ఉంటుంది. ఇక్కడ నడుచుకుంటూ వచ్చి అబద్ధం చెబుతారు. ఆరేళ్లు నేర్చుకున్న పని ఇక్కడ దేనికీ పనికి రావట్లేదు నాది."

అమ్మమ్మ దగ్గర దానికి పుస్తకం ఉంది. లోపలికెళ్లి తెచ్చి చేతిలో పెట్టింది. "అంతా ఇందులో ఉంది. చదువు."

రెండు రోజుల తర్వాత కొత్తమ్మాయి పుస్తకం తిరిగి ఇచ్చేసి బాగుందంది. చుట్టాలింట్లో చల్లారిన కాఫీ తాగి బాగుందన్నట్టు. అమ్మమ్మ దాన్ని ఇంటికి తెచ్చి, ఎక్కడైనా పెన్సిలు గీత పెట్టిందేమోనని తిరగేసింది. అరవై, అరవై ఒకటి పేజీల మధ్య నాలుగు మడతల కాగితం కనిపించింది. చదువుతూ గుర్తు కోసం పెట్టుకుని మరిచిపోయినట్టుంది. విప్పితే బదిలీ దరఖాస్తు. వచ్చే శుక్రవారం నుంచి తిరిగి సర్జరీ వార్డుకు పంపమని. వచ్చే శుక్రవారమే అమ్మమ్మ ఆఖరి రోజు.

"సంతకం పెట్టలేదు" అని తాతయ్యకు చూపించింది.

"అయితే ఇంకా టిక్కెట్టు తీసుకోలేదు. బస్టాండులో నిలబడింది, అంతే."

"చింపేయనా?"

"ఒకరి టిక్కెట్టు చింపే హక్కు కండక్టరుకుంది. నువ్వు నర్సువి. ఉన్నచోట పెట్టెయ్."

ఉన్నచోటే పెట్టి, పుస్తకం తీసుకెళ్లి ఆరోగ్య గది బల్ల మీద ఉంచింది. పైకి మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. కొత్తమ్మాయి ఆ రోజంతా సంచి వెతుక్కుంది. పుస్తకం వైపు చూసింది, అమ్మమ్మ వైపు చూసింది, అడగలేక ఊరుకుంది. ఇద్దరూ ఒకే బల్లకు చెరోవైపు కూర్చుని, ఆ పుస్తకం తప్ప లోకంలో ఉన్నవన్నీ మాట్లాడుకున్నారు.

మరుసటి వారం పరీక్షలు మొదలయ్యాయి. మంగళవారం తొమ్మిది గంటలకు మూడో సంవత్సరం పొడుగు పిల్ల వచ్చింది. ఆమె కాలేజీలో చేరినప్పటి నుంచీ ప్రతి పరీక్షకూ కడుపునొప్పితో వస్తుంది. ఇప్పటికి ఐదుసార్లు వచ్చింది. ఐదుసార్లూ కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగి, వెళ్లి క్లాసులో మొదటి మార్కు తెచ్చుకుంది. అరవై ఒకటో పేజీ సగం ఆమెను తలుచుకుని రాసిందే.

"వచ్చావా తల్లీ. నీ కోసమే కుర్చీ తుడిచిపెట్టాను" అంది అమ్మమ్మ.

థర్మామీటరు పెట్టింది. కిటికీలోంచి చూస్తూ నిలబడింది. మూడు నిమిషాలయ్యాక తీసి చూస్తే తొంభై తొమ్మిది దాటి ఒకటి రెండు గీతలు. పరీక్ష రోజున ఆ మాత్రం ఎవరికైనా ఉంటుందనుకుంది. "ఊఁ" అంది.

"భయమే సిస్టర్" అంది పొడుగు పిల్ల. "నిన్నటి నుంచి తినబుద్ధి కావట్లేదు. చదివిందేదీ గుర్తు రావట్లేదు. ఇది పోతే అన్నీ పోయినట్టే. నేనే అనవసరంగా ఎక్కువ ఊహించుకుంటున్నానేమో."

ఎప్పుడూ చెప్పేదే. అమ్మమ్మ విన్నది, విన్నది నమ్మింది. కుండలోంచి గ్లాసుడు నీళ్లు ముంచి చేతికిచ్చింది.

రిజిస్టరు రాస్తున్న కొత్తమ్మాయి ఆ మాటలేవీ వినలేదు. వార్డులో ఆమెకు మాటలు వినే తీరిక ఎప్పుడూ లేదు. మనిషి ఎలా కూర్చుంటుందో, ఎలా లేస్తుందో చూడటం అలవాటు. ఈ పిల్ల వంగి నడుచుకుంటూ వచ్చి, కుడి మోకాలు పొట్టకేసి ముడుచుకుని కూర్చుంది. కొత్తమ్మాయి కలం పక్కన పెట్టి, వచ్చి, పిల్ల చేతిలోంచి నీళ్ల గ్లాసు తీసేసుకుంది.

"నీళ్లు వద్దు" అంది.

"అమ్మాయ్" అంది అమ్మమ్మ. ఆ గొంతు ఇంట్లో వినిపిస్తే తాతయ్య పేపరు మడిచేసి లేచి నిలబడతాడు.

"ఒక్క నిమిషం సిస్టర్." కొత్తమ్మాయి పొడుగు పిల్ల ముందు కూర్చుంది. "నొప్పి మొదట ఎక్కడ మొదలైంది?"

"బొడ్డు చుట్టూ."

"ఇప్పుడెక్కడుంది?"

పిల్ల చెయ్యి కుడివైపు కిందికి జారింది.

"లేచి నిలబడు. మడమలెత్తి ఒక్కసారి ధబ్బున దించు."

దించింది. ముఖం తెల్లగా పాలిపోయి మంచం పట్టె పట్టుకుంది.

"ఇది భయం కాదు సిస్టర్. ఆసుపత్రికి పంపాలి, ఇప్పుడే."

"దీన్ని మూడేళ్లుగా చూస్తున్నాను నేను. ఐదుసార్లు ఇదే నొప్పి. పది నిమిషాలు ఆగితే తగ్గుతుంది. పరీక్ష పోతే దాని ఏడాది పోతుంది."

"పది గంటలకు పరీక్ష మేడం, నేను బాగానే ఉన్నాను" అంది పొడుగు పిల్ల మంచం పట్టె వదలకుండా.

కొత్తమ్మాయి గొంతు పెంచలేదు. "ఐదుసార్లూ ఇలాగే వంగి నడిచిందా సిస్టర్?"

అమ్మమ్మ గుమ్మం వైపు చూసింది. నడక ఆమె చూడలేదు. మూడు నిమిషాలూ ఎప్పటిలాగే కిటికీలోంచి చూస్తూ నిలబడింది. ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తుంటే పిల్లలు సిగ్గుపడతారని, కూర్చున్నవాళ్లను చూడకుండా ఉండటం ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె మర్యాద. ఆ మర్యాదలోనే ఈ పిల్ల ముడుచుకున్న మోకాలు ఆమె కంట పడకుండా పోయింది.

"కాలేజీ జీపు పిలువు" అంది అమ్మమ్మ.

ప్రిన్సిపాలు సారుకు తనే ఫోను చేసి, పరీక్ష మళ్లీ పెట్టిస్తానని పిల్లకు మాట ఇప్పించింది. కొత్తమ్మాయి జీపులో వెంట వెళ్లింది. గదిలో ఒకరు ఉండాలి కాబట్టి అమ్మమ్మ ఉండిపోయింది. ఆ రోజు పద్నాలుగు మంది వచ్చారు. అందరినీ కూర్చోబెట్టింది. కిటికీ వైపు చూడలేదు. కన్నార్పకుండా వాళ్లనే చూస్తుంటే పిల్లలు బెదిరిపోయారు. సెలవు చీటీ కోసం వచ్చినవాడొకడు తనంతట తనే, నాకేం లేదు సిస్టర్ అని ఒప్పుకుని లేచిపోయాడు.

నాలుగు గంటలకు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. అపెండిక్సు. తీసేశారు. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే పగిలేదట. అన్నేళ్లుగా ఆవులిస్తే పేగులు లెక్కపెట్టిన మనిషి, చిటికెన వేలంత పేగు దగ్గర లెక్క తప్పింది.

కొత్తమ్మాయి ఐదింటికి తిరిగి వచ్చేసరికి అమ్మమ్మ పిల్లలు కూర్చునే చెక్క కుర్చీలో కూర్చుని ఉంది. పొద్దున పిల్ల చేతిలోంచి తీసిన నీళ్ల గ్లాసు బల్ల మీద అలాగే ఉంది. ఇంటికి వెళ్లే వేళ దాటింది. కొత్తమ్మాయి గ్లాసు చూసింది, అమ్మమ్మను చూసింది. చేతులు కడుక్కుని బీపీ యంత్రం తీసింది.

"నాకేం లేదమ్మా" అంది అమ్మమ్మ.

"తెలుసు. అందరూ అదే చెబుతారు." జబ్బకు పట్టీ చుట్టింది. "బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి సిస్టర్. మాట్లాడకూడదు. తొమ్మిదో పాఠం."

ఐదు నిమిషాలు. అమ్మమ్మకు అది జైలు శిక్షతో సమానం. కొత్తమ్మాయి స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. ముఖంలోకి చూడలేదు, కిటికీలోంచీ చూడలేదు. అమ్మమ్మ చేతి మీద పట్టీని చూస్తూ కూర్చుంది. ఏదో ఒకటి సర్దే కొత్తమ్మాయి చేతులు మొదటిసారి ఒళ్లో ఊరుకున్నాయి. పైన లైబ్రరీ మూసేస్తున్నారు. తలుపులు ఒకటొకటే పడ్డాయి. ఐదు నిమిషాలైంది.

"ఊఁ" అంది కొత్తమ్మాయి.

"నీళ్లిచ్చాను" అంది అమ్మమ్మ. "నువ్వు లేకపోతే తాగించి పరీక్ష హాల్లోకి పంపేదాన్ని. ధైర్యంగా ఉండమంటే ఉండేది అది, పిచ్చిపిల్ల. అక్కడ పడిపోయేది. పుస్తకంలో కూడా అలాగే రాశాను, కింద రెండు ఎర్ర గీతలు గీయించి మరీ." బల్ల మీది పుస్తకం చూపించింది. "ఇంకోటి కూడా చెప్పాలి. నీ కాగితం అరవై ఒకటో పేజీలో ఉంది. నాకు దొరికి నాలుగు రోజులైంది. ఇవ్వబుద్ధి కాలేదు. నువ్వెళ్లిపోతే ఇక్కడ జిరాక్సు మిషను పెడతారు. అదీ భయం. కానీ ఇవాళ పొద్దున్నించీ అనిపిస్తోంది, నువ్వు పోతానంటే నిన్ను ఆపడానికి నా దగ్గరేముంది? తప్పుల పుస్తకం ఒకటి."

కొత్తమ్మాయి పట్టీ విప్పింది.

"ఎంతుంది?" అంది అమ్మమ్మ.

"చూడలేదు సిస్టర్."

అమ్మమ్మ ఆమె వైపు చూసింది. నవ్వొచ్చింది, నవ్వుతూ ముక్కు తుడుచుకుంది.

కొత్తమ్మాయి పుస్తకం తెచ్చి అరవై ఒకటో పేజీ తీసింది. మడతల కాగితం విప్పి ఒకసారి చదువుకుంది. అప్పుడు దాన్ని బోర్లా తిప్పి, వెనక తెల్లగా ఉన్నవైపు రాయడం మొదలుపెట్టింది.

"పుస్తకంలో తెల్ల పేజీలు బోలెడున్నాయి కదమ్మా" అంది అమ్మమ్మ.

"ఉన్నాయి. ఇది చాలు."

పరీక్షల వారం కడుపునొప్పి భయం కావచ్చు, కాకపోవచ్చు అని రాసింది. ముందు నడిపించి చూడు. మడమలెత్తి దించి చూడు. నొప్పి కుడివైపు కిందికి జారితే చుక్క నీళ్లు కూడా ఇవ్వకు, వెంటనే పంపు. ఇవేమీ లేకపోతే కూర్చోబెట్టి ఐదు నిమిషాలు ఊరుకో. నువ్వు కూడా మాట్లాడకు. కళ్లు మాత్రం దగ్గరే ఉంచు.

"ఆ ఊరుకోవడం నా పుస్తకంలో లేదే" అంది అమ్మమ్మ చదివి.

"లేదు సిస్టర్. అందుకే మొదటి ఇద్దరూ వెళ్లిపోయారు. నేనూ పోయేదాన్నే."

బీరువా కింది మూల తన్ని జిగురు సీసా తీసింది కొత్తమ్మాయి. ఒక్క తన్నుకే తెరుచుకుంది. దరఖాస్తు వైపు నిండా జిగురు పూసి, ఎర్ర గీతల మీద అతికించి, అరచేత్తో నొక్కింది.

శుక్రవారం అమ్మమ్మ ఇంటికి వచ్చేసింది. గాజు థర్మామీటరును పదిహేడో పాఠం ప్రకారం మూతపెట్టి అప్పజెప్పేసింది.

"దిగావా?" అన్నాడు తాతయ్య.

"దిగాను. ఎక్కినామె కూర్చుంది."

ఇప్పుడు పిల్లలు కొత్తమ్మాయిని ఐదు నిమిషాల సిస్టరు అంటున్నారట. అమ్మమ్మకు కొంచెం కుళ్లుగానే ఉంది. "నాకు మూడే ఇచ్చారు, చూశావా?" అంటుంది. వేరే కాలేజీలో చేరబోతున్న నర్సు ఎవరో అడిగితే, పుస్తకానికి ఇంకో ప్రతి రాయమని మళ్లీ మనవరాలి నెత్తినే పెట్టింది. అరవై ఒకటో పేజీని వెలుతురుకెత్తి చూస్తే అతికించిన వైపు అక్షరాలు తిరగబడి లీలగా కనిపిస్తాయి. మనవరాలు ఎత్తి చదవబోయింది. వెనక నుంచి వచ్చి నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది అమ్మమ్మ.

"అది ఆఫీసు సరుకు" అంది.